మల్లినాథుడి దారిలో షేక్‌స్పియర్
(కోలాచల మల్లినాథసూరి స్మృతిలో సంగారెడ్డిలో చేసిన ఉపన్యాసం పాఠం)



మల్లినాథసూరి స్మృతిలో మాట్లాడమని పిలిచినప్పుడు కాళిదాసు గురించో భారవి గురించో చెబుతానని నిర్వాహకులు అనుకుని ఉంటారు. నేను షేక్‌స్పియర్ విషాదాంత నాటకాల గురించి, వాటిని మన డిగ్రీ పిల్లలు చదువుకునే తీరు గురించి మాట్లాడదలచాను. ఇది మల్లినాథుడికి దూరమైన విషయం కాదని నా నమ్మకం. పాత మెదక్ జిల్లాలోని కొల్చారమే ఆయన ఇంటిపేరులోని కోలాచలమని పెద్దలు చెబుతారు. వందల ఏళ్ల కిందట ఆయన రాసిన టీక పక్కన పెట్టుకునే ఇవాళ్టికీ దేశంలో రఘువంశం చదువుతున్నారు. తనది కాని కాలంలో పుట్టిన కావ్యాన్ని, తన ఇంట్లో మాట్లాడని భాషలో, ఒక్క పదం జారిపోకుండా ఎలా చదవాలో నేర్పినవాడు మన జిల్లావాడు. షేక్‌స్పియర్ ముందు కూర్చున్న మన విద్యార్థికి ఎదురయ్యే చిక్కు కూడా సరిగ్గా అదే.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్ నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది ఇళ్లలో తండ్రి షిఫ్టు డ్యూటీలో ఉంటాడు. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆ అమ్మాయో అబ్బాయో అయి ఉంటారు. వాళ్ల చేతికి ‘హామ్లెట్’ గానీ ‘మాక్‌బెత్’ గానీ వచ్చేసరికి అది నాటకంలా రాదు, కథాసంగ్రహంగా వస్తుంది. దాని వెనక పాత్రల స్వభావం మీద పేజీన్నర, ఆ వెనక కఠినపదాల పట్టిక. ఎడమ వరసలో మాట, కుడి వరసలో అర్థం. పురాణ ప్రస్తావనలకు ఇంకో పట్టిక: నయోబి అంటే గ్రీకు రాణి, హెకుబా అంటే ట్రాయ్ రాణి, హైపీరియన్ అంటే సూర్యదేవుడు. పరీక్ష అయిపోగానే రెండు పట్టికలూ మనసులోంచి చెరిగిపోతాయి. కథ మిగులుతుంది. కథ మాత్రమే మిగిలితే షేక్‌స్పియర్‌తో పనేముంది? ఆ కథలు ఆయనవి కావు. డెన్మార్క్ రాకుమారుడి కథ ఆయనకు ముందే ఉంది, లియర్ కథా ఉంది. ఆయన చేర్చింది మాటలు. మాటలు వదిలేసి కథ తీసుకున్న విద్యార్థి ఆయన చేర్చిన దాన్నే వదిలేశాడన్నమాట.

కాళిదాసు టీకల ప్రారంభంలో మల్లినాథుడు ఒక బాధ చెప్పుకున్నాడు. చెడ్డ వ్యాఖ్యానాల విషం తలకెక్కి కాళిదాసు వాణి మూర్ఛపోయిందట, దాన్ని లేపడానికి తన సంజీవని వచ్చిందట. మరో ప్రతిజ్ఞ కూడా చేశాడు: మూలంలో ఆధారం లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను, అంతా అన్వయం ద్వారానే వివరిస్తాను. ఈ మూడు నియమాలు చాలు. ఇంగ్లిష్ క్లాసుకు వీటికంటే మంచి పద్ధతి నాకు కనబడలేదు.

అన్వయంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మన పిల్లలు షేక్‌స్పియర్ కష్టమన్నప్పుడు నిజంగా కష్టపెట్టేది తరచుగా మాట కాదు, మాటల వరస. కర్త ఎక్కడో ఉంటుంది, క్రియ మూడు పాదాల తర్వాత వస్తుంది, మధ్యలో ఒక విశేషణ వాక్యం అడ్డంగా కూర్చుంటుంది. ఛందస్సు కోసం, ఊపు కోసం, మాట్లాడేవాడి మనసు కలగినందుకు ఆ వరస అలా అయింది. పాతకాలం సంస్కృత పాఠశాలలో దీనికి ఖండాన్వయం ఉండేది. ముందు క్రియ పట్టుకో. తర్వాత ఎవరు అని అడుగు, ఏమిటి అని అడుగు, ఎవరికి, ఎందుకు, ఎలాంటి అని అడుగుతూ ఒక్కో పదాన్నీ దాని చోట కూర్చోబెట్టు. తెలుగు పద్యానికి ప్రతిపదార్థం రాసిన ఏ విద్యార్థికైనా ఈ పని చేతనవును. అదే పిల్లవాడు పక్క పీరియడ్‌లో ఇంగ్లిష్ పద్యపాదం ముందు చేతులెత్తేస్తున్నాడంటే ఆ విద్యను ఇక్కడ వాడొచ్చని అతనికి ఎవరూ చెప్పలేదు.

స్ట్రాట్‌ఫర్డ్ బడిలో షేక్‌స్పియర్ తరం పిల్లలూ ఇదే పని చేశారు. విలియం లిలీ పేరుతో ఉన్న లాటిన్ వ్యాకరణం వల్లెవేసి, ఓవిడ్ పాదాలను విడగొట్టి, వరస కూర్చి, అర్థం చెప్పి, మళ్లీ లాటిన్‌లోకి కట్టేవాళ్లు. చేతితొడుగులు కుట్టి అమ్మే మనిషి కొడుకు ఆయన. లాటిన్ ఆయన ఇంటి భాష కాదు. 1567లో ఆర్థర్ గోల్డింగ్ ఇంగ్లిష్ చేసిన ఓవిడ్‌నూ, 1579లో థామస్ నార్త్ ఇంగ్లిష్ చేసిన ప్లూటార్క్‌నూ ఆయన దగ్గర పెట్టుకుని చదివాడనడానికి నాటకాలే సాక్ష్యం. అంటే అనువాదం తోడు తీసుకోవడం తప్పేమీ కాదు. మూలం తెరవకుండా ఉండడమే తప్పు.

ఇక పదాలు. తెలియని మాట విద్యార్థిని మోసం చేయదు. ఆగి నిఘంటువు చూస్తాడు. మోసం చేసేది తెలిసినట్టు కనబడే మాట. తెలుగు క్లాసులో అర్థవిపరిణామం పాఠంలో ‘కంపు’ గురించి చదివే ఉంటారు. ఒకప్పుడు పరిమళం, ఇప్పుడు దుర్గంధం. షేక్‌స్పియర్‌లో అలాంటి మాటలు అడుగడుగునా ఉన్నాయి. తండ్రి ప్రేతం పిలుస్తుంటే వెళ్లబోతున్న హామ్లెట్‌ను మిత్రులు పట్టుకుంటారు. తనను ‘లెట్’ చేసినవాణ్ణి ప్రేతాన్ని చేస్తానని అతను బెదిరిస్తాడు. ఇవాళ్టి అర్థం పెట్టుకుంటే, తనను వెళ్లనిచ్చినవాణ్ణి చంపుతానన్నట్టవుతుంది, మొత్తం తలకిందులు. ఆ కాలంలో ఆ మాటకు అడ్డగించడమనే అర్థం కూడా ఉంది. చివరికి కార్డీలియా ఎదుట లియర్ తాను ‘ఫాండ్’ ముసలివాణ్ణంటాడు. మన విద్యార్థి ప్రేమగల తండ్రి అని రాస్తాడు. రాజు ఒప్పుకున్నది తన అవివేకాన్ని. ఆ ఒప్పుకోలు కోసమే నాలుగు అంకాల తుఫాను నడిచింది. ఒక్క మాట దగ్గర పొరపాటు పడితే ఆ ఘట్టమంతా చేజారుతుంది. అందుకే పట్టికలో మొదట ఉండాల్సినవి ఈ తెలిసిన మాటలు. అలెగ్జాండర్ ష్మిట్ షేక్‌స్పియర్ పదకోశం 19వ శతాబ్దంలోనే వచ్చింది, ఆనియన్స్ చిన్న పదకోశం 1911లో వచ్చింది. ఒక్కో మాట ఒక్కో నాటకంలో ఏ అర్థంలో పడిందో అవి చూపిస్తాయి.

కొన్నిచోట్ల షేక్‌స్పియర్ తనకు తానే మల్లినాథుడు. రాజు డంకన్‌ను చంపి వచ్చిన మాక్‌బెత్ తన చేతులు చూసుకుంటాడు. నెప్ట్యూన్ సముద్రమంతా పోసినా ఈ నెత్తురు పోదు, ఈ చెయ్యే సముద్రాలను ఎరుపెక్కిస్తుందంటాడు. అక్కడ రెండు పెద్ద లాటిన్ పుట్టుక మాటలు, ‘మల్టిట్యూడినస్’, ‘ఇన్‌కార్నడైన్’, గుండ్రంగా దొర్లుతాయి. ఆ వెంటనే అదే భావం చిన్నచిన్న ఇంటిమాటల్లో మళ్లీ వస్తుంది. పామరుడికి వివరణ అందింది, మాక్‌బెత్‌కు మాత్రం ఆ గొప్ప మాటల తెర తొలగి, కంటి ముందు వట్టి ఎరుపు నిలబడింది. కాసేపటికి భార్య వచ్చి కాసిన్ని నీళ్లతో పోతుందంటుంది. సముద్రం, కాసిన్ని నీళ్లు: ఈ రెండింటి మధ్య దూరమే ఆ ఇద్దరి మధ్య దూరం. నక్కవాగు రంగు మారి మంజీర వైపు పారిన కాలం చూసిన ఊళ్లవాళ్లం మనం. నీరు కడగాల్సింది పోయి తానే మైలపడడం ఎలా ఉంటుందో పటాన్‌చెరు పిల్లలకు చెప్పడానికి పాదసూచిక అక్కర్లేదు.

ఇప్పుడు పురాణ ప్రస్తావనలు, కాలేజీలో అల్యూజన్ అనేవి. వీటి విషయంలో మనవాళ్ల భయం నాకు అర్థం కాదు. శల్యసారథ్యం, సైంధవుడిలా అడ్డుపడడం, ధృతరాష్ట్ర కౌగిలి, త్రిశంకు స్వర్గం అంటూ మాట్లాడే జాతి మనది. చిందు యక్షగానం, ఒగ్గుకథ విన్న అవ్వకు బడి లేకపోయినా ఈ ప్రస్తావనలన్నీ తెలుసు. ఎవరినైనా కుంభకర్ణుడన్నప్పుడు ఆ రాక్షసుడి కథంతా చెప్పం. నిద్ర ఒక్కటి తీసుకుంటాం, అతని అన్నభక్తిని వదిలేస్తాం. ప్రస్తావన పనిచేసే తీరు ఇదే: కథలో ఏ ముక్క తీసుకున్నారు, ఏ ముక్క వదిలారు, ఎవరు ఎవరితో ఏ క్షణాన అన్నారు. నయోబి గ్రీకు రాణి అని రాస్తే ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు రాదు.

నయోబికి ఓవిడ్ చెప్పిన ప్రకారం ఏడుగురు కొడుకులు, ఏడుగురు కూతుళ్లు. ఆ గర్వంతో దేవత లటోనాను చిన్నచూపు చూసింది. ఆ దేవత పిల్లలైన అపోలో, డయానా బాణాలతో పద్నాలుగు మందినీ చంపేశారు. ఏడ్చి ఏడ్చి నయోబి రాయైపోయింది, ఆ రాతి నుంచి కన్నీరు కారుతూనే ఉంది. తండ్రి శవం వెంట నడిచిన నాడు తన తల్లి నయోబిలా ఏడ్చిందని హామ్లెట్ గుర్తు చేసుకుంటాడు, నెల తిరగకుండానే పినతండ్రిని పెళ్లాడిందని వెంటనే అంటాడు. నయోబి కన్నీరు రాయైనా ఆగలేదు, గెర్ట్రూడ్ కన్నీరు నెలకే ఆగిపోయింది. కోపమంతా ఆ ఒక్క పేరులో ఉంది. కథ తెలియని విద్యార్థికి అక్కడ ఒక దుఃఖించే స్త్రీ మాత్రమే కనబడుతుంది, కొడుకు వేసిన దెబ్బ కనబడదు.

హెకుబా దగ్గర ఇంకాసేపు ఆగుదాం. రెండో అంకంలో నటులు వస్తారు. ట్రాయ్ తగలబడిన రాత్రి గురించి ఈనియస్ డైడోకు చెప్పిన ఘట్టం వినిపించమని హామ్లెట్ అడిగి, మొదటి పాదాలు తానే జ్ఞాపకంగా అందుకుంటాడు. చాలామంది అధ్యాపకులు ఈ చోటు దాటేస్తారు, కథ ముందుకు సాగదు గనక. నా అభిప్రాయంలో హామ్లెట్ మనసులోకి పోయే ప్రధానద్వారం ఇదే. ఆ ఘట్టంలో ఉన్నది పిరస్, అకిలిస్ కొడుకు. తండ్రిని చంపిన పారిస్ వంశం మీద పగ తీర్చుకోవడానికి రాత్రివేళ కొయ్యగుర్రంలోంచి దిగి, నెత్తుట తడిసి, ముసలి రాజు ప్రయామ్ కోసం వెతుకుతాడు. కత్తి ఎత్తుతాడు. ఎత్తిన కత్తి గాలిలో ఆగిపోతుంది. కాసేపు ఏ పనీ చేయని బొమ్మలా నిలబడి, ఆ తర్వాత నరుకుతాడు. తండ్రి పగ తీర్చాల్సిన కొడుకు, చేతిలో కత్తి, ఆగిన చెయ్యి. హామ్లెట్ అడిగి మరీ విన్నది తన కథనే. ఆ కొడుకు రాక్షసుడిలా ఉన్నాడు. పగ తీర్చుకుంటే తాను అలా తయారవుతాడు, తీర్చుకోకపోతే పిరికివాడవుతాడు.

తిక్కన సౌప్తికపర్వం చదివినవాడికి ఇక్కడ అశ్వత్థామ గుర్తుకు రావాలి. తండ్రి ద్రోణుణ్ణి అస్త్రసన్యాసం చేయించి చంపారన్న మంట, నిద్రపోతున్న శిబిరం, చీకటి, ఊచకోత. ఆ తర్వాతి స్త్రీపర్వంలో గాంధారి నడిచి వస్తుంది. పిరస్ నరికిన చోటికి హెకుబా చెప్పుల్లేని కాళ్లతో, రాణివస్త్రం పోయి ఒంటికి దుప్పటి చుట్టుకుని పరిగెత్తుకొస్తుంది. బిడ్డలను యుద్ధంలో పోగొట్టుకున్న తల్లులు ఇద్దరూ. కానీ గాంధారి శ్రీకృష్ణుడంతటివాణ్ణి శపించింది, ఆ శాపం ఫలించింది. నటుడు చెప్పిన ఘట్టంలో హెకుబా కేక వేస్తుంది, ఆ కేక విన్న దేవతల కళ్లయినా తడిసేవంటాడు, అంతకుమించి ఏదీ జరగదు. మన పోలిక తలుపు తెరుస్తుంది, లోపలికి వెళ్లాక మాత్రం తేడా చూడాలి. ఆధారం లేనిది రాయనన్న మల్లినాథుడి నియమం మనకు ఇక్కడే కావాలి. హెకుబాయే గాంధారి అని రాసి ఊరుకుంటే అది మరో రకం గైడు అవుతుంది.

హెకుబా పేరు చెబుతూ నటుడి ముఖం పాలిపోతుంది, కళ్లు నిండుతాయి. అందరూ వెళ్లాక ఒంటరిగా మిగిలిన హామ్లెట్, ఆమె ఇతనికి ఏమవుతుందని ఏడ్చాడు అని తనను తాను నిలదీసుకుంటాడు. ఇన్ని వందల ఏళ్ల తర్వాత ఇస్నాపూర్ నుంచి బస్సులో వచ్చిన విద్యార్థి అడిగే ప్రశ్న కూడా అదే: వీళ్లంతా నాకేమవుతారు? ఆ ప్రశ్న నాటకంలోనే ఉందని, నాయకుడే అడిగాడని అతనికి చూపించండి. ఆ తర్వాత అతను పుస్తకం మూయడు.

ప్రస్తావన అలంకారమనుకునేవాళ్లు ‘టైటస్ ఆండ్రోనికస్’ చూడాలి. 1594లో అచ్చయిన ఆ తొలి విషాదాంతంలో లవీనియాను చెరిచి, చెప్పుకోకుండా నాలుక, రాయకుండా చేతులు నరికేస్తారు. చదువుకునే పిల్లవాడి పుస్తకాల వెంట పడి, ఆమె మొండి చేతులతో ఓవిడ్ పుటలు తిప్పుతుంది. ఫిలొమెలా కథ దగ్గర ఆగుతుంది. ఆ కథలోనూ చెరిచినవాడు నాలుక కోశాడు. తనకు జరిగింది ఆమె అలా చెప్పింది, ఆ పైన నోటితో కర్ర పట్టి ఇసుకలో పేర్లు రాసింది. పాతకథ చదివి ఉన్న మనుషులు చుట్టూ లేకపోతే ఆమె సాక్ష్యం ఎవరికీ అందేది కాదు. బడిపిల్లల చేతిలోని పాఠ్యపుస్తకం ఒక స్త్రీకి నాలుకైన ఈ ఘట్టం కంటే బలంగా పురాణప్రస్తావన విలువ చెప్పిన చోటు నాకు తెలియదు.

‘జూలియస్ సీజర్’ గురించి త్వరగా చెబుతాను. దాన్ని 1870లలోనే వావిలాల వాసుదేవశాస్త్రి తెలుగు చేశారు. మనవాళ్లకు చిరపరిచితం. అందులో కాసియస్, టైబర్ నదిలో మునగబోతున్న సీజర్‌ను తాను మోసిన తీరును, ఈనియస్ తండ్రిని భుజాన మోసుకొచ్చిన తీరుతో పోలుస్తాడు. శ్రవణకుమారుడు గుర్తుకొచ్చి మనం మెచ్చుకుంటాం. అయితే ఈనియస్ రోమా జాతికి మూలపురుషుడు. కాసియస్ చెప్పుకుంటున్నది సేవ గురించి కాదు, రోమ్ తనదన్న హక్కు గురించి. ఆ నాటకంలో కుర్రవాడిగా వచ్చే ఆక్టేవియస్సే తర్వాత అగస్టస్ చక్రవర్తి. 1940ల మొదట్లో తవ్విన మన కొండాపూర్ దిబ్బల్లో శాతవాహన నాణేలతో పాటు ఆ అగస్టస్ బంగారు నాణెం దొరికింది. రోమ్ మనకు పరాయి ఊరని సంగారెడ్డి విద్యార్థి అనుకోవాల్సిన పనిలేదు.

పటాన్‌చెరు గురించి చెప్పకుండా ముగించలేను. పారిశ్రామికవాడ రాకముందు, ఇక్రిశాట్ రాకముందు, దీని పేరు పొట్లచెరువు. 16వ శతాబ్దం రెండో సగంలో ఇక్కడి అమీన్‌ఖాన్, కుతుబ్‌షాహీ ఉద్యోగి, పొన్నెగంటి తెలగనార్యుడి చేత ‘యయాతి చరిత్రము’ అంకితం పుచ్చుకున్నాడు. సంస్కృత పదం పొసగనీయకుండా రాసిన తొలి అచ్చతెలుగు కావ్యం అది. ఆ శతాబ్దంలోనే ఇంగ్లండులో జాన్ చీక్ వంటి పండితుడు లాటిన్ కలవని అచ్చ ఇంగ్లిష్ కావాలని పట్టుబట్టాడు. అరువు మాటలను సిరాబుడ్డి మాటలని ఎగతాళి చేశారు. షేక్‌స్పియర్ ఆ పట్టుదలకు లొంగలేదు. రెండు రకాలూ చేతిలో ఉంచుకుని, ఎప్పుడు ఏది అన్నది పాత్రకు వదిలాడు.

అచ్చతెలుగు కావ్యానికి తెలగనార్యుడు ఎంచుకున్న కథ ముసలితనం మీద పడ్డ రాజుది. యయాతి కొడుకులను యవ్వనం అడిగాడు, నలుగురు కాదన్నారు, పూరుడు ఇచ్చాడు, కాదన్నవాళ్లను తండ్రి శపించాడు. లియర్ కూతుళ్లను అడిగింది మాటలు. ఎవరు ఎంత ప్రేమిస్తారో చెప్పమని, రాజ్యాన్ని మాటలకు తూచి పంచాడు. కార్డీలియా చెప్పడానికి ఏమీ లేదంది, శాపం తిన్నది. మొదటి దృశ్యంలో లియర్ నోట సూర్యుడు, హెకటీ, అపోలో, జూపిటర్ వరసగా దిగుతారు. ప్రతి దేవత మీదా ఒట్టు. కూతుళ్లు గెంటేశాక, తుఫానులో తడిశాక, ఒట్లు తగ్గుతూ వస్తాయి. కార్డీలియా లేపిన వేళ తాను నిప్పుచక్రానికి కట్టి ఉన్నానంటాడు. అది నరకంలో ఇక్సియన్‌కు పడిన శిక్ష. ఆ పేరు ఎత్తడు, గొప్ప పోలికలు పేర్చే రాజు అప్పటికి పోయాడు. చివర బిడ్డ శవం చేతుల్లో పెట్టుకుని, ఇక రావనే అర్థంలో ఒకే చిన్న మాటను ఐదుసార్లు అంటాడు, గుండీ విప్పమని పక్కవాణ్ణి వేడుకుంటాడు. దేవతల పేర్ల నుంచి గుండీ దాకా ఒక రాజు భాష తరిగిన తీరే ఆ నాటకంలోని విషాదం. కథాసంగ్రహంలో ఇది దొరకదు. ‘గుణసుందరి కథ’ (1949) లియర్ కథను తీసుకుని సుఖాంతం చేసింది. ఇంగ్లండులోనే 1681 నుంచి నూరేళ్లకు పైగా రంగస్థలం మీద నేహమ్ టేట్ సుఖాంతం చేసిన లియరే నడిచింది. కథను ఎవరైనా మార్చగలరు. ఆ భాష తరిగిన క్రమం మూలంలోనే ఉంది.

భారవి మాటలు కొబ్బరికాయ వంటివని, పగలగొట్టి రసం చూపిస్తానని మల్లినాథుడు ఘంటాపథంలో అన్నాడు. ‘కిరాతార్జునీయం’ మీద ఆ టీకకు ఆయన పెట్టుకున్న పేరుకే రాచబాట అని అర్థం. అలాంటి బాట ఇంగ్లిష్ నాటకానికి తెలుగులో వేయాల్సిన పని మన జిల్లా అధ్యాపకులదే.

కాబట్టి ఇక్కడ కూర్చున్న ఇంగ్లిష్, తెలుగు అధ్యాపకులకు నాదొక విన్నపం. రెండు శాఖలవాళ్లూ ఒక బల్ల దగ్గర కూర్చోండి. ‘హామ్లెట్’ రెండో అంకంలో నటుల ఘట్టం తీసుకోండి. పాదం పాదానికీ అన్వయం, అర్థం మారిన మాటలు, ప్రతి ప్రస్తావనకూ ఏ ముక్క తీసుకున్నాడు, ఏది వదిలాడు అన్న వివరణ, పోలిక కుదిరితే తిక్కన నుంచి పోలిక, కుదరకపోతే మౌనం. ఆధారం లేని ఒక్క వాక్యం వద్దు, అక్కర లేని ఒక్క వాక్యం వద్దు. రాయడంలో విద్యార్థులను కలుపుకోండి, వాళ్లకు ఏ మాట దగ్గర కాలు తడబడుతుందో వాళ్లకే తెలుసు. వచ్చే ఏడాది ఈ సభ జరిగేనాటికి ఆ టీక చిన్న పుస్తకంగా అచ్చయి, సంగారెడ్డి, పటాన్‌చెరు గ్రంథాలయాల్లో పిల్లల చేతికి అందేచోట ఉండాలని కోరుతున్నాను. ప్రూఫులు దిద్దే పని నాకు అప్పగించండి.